ప్రార్థనలో చెప్పిన పేరు

గరికపాడు గ్రామంలో రత్నమణిని ఎరుగని ఇల్లు లేదు. ఆమె అక్కడి పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుకు ఈవల, జాతీయ రహదారి మీది లారీల రొద వినిపించేంత దూరంలో రెండు గదుల ఇంట ఒంటరిగా ఉండేది. భర్త కృపారావు గతించి చాలా కాలమైంది. అయితే ఆమె పేరు ఊరంతా పాకడానికి ఆ వంట కారణం కాదు. ఒకానొక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి ఆమె చెప్పిన సాక్ష్యమే అందుకు కారణం.

మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళలో కొందరికి ఆకలి చంపుకోవడానికి బుగ్గన పొగాకు కాడ పెట్టుకునే అలవాటు ఉన్నది. రత్నమణికి ఆ అలవాటు పెళ్ళికి ముందే అంటుకున్నది. తరువాత కూలిపని మానినా కాడ మానలేదు. ఆరాధనలో పాటలు పాడే వేళ కూడా అది నాలుక కింద ఉండేది. పక్కవారికి వాసన తెలియకుండా కొంగు అడ్డం పెట్టుకునేది. చివరకు చిగుళ్ళు పుండ్లై డాక్టరు హెచ్చరించిన మీదట, ఎండబెట్టిన ఉసిరి ముక్కను కాడకు బదులుగా బుగ్గన పెట్టుకుంటూ, ఏడుస్తూ, తోటివారి మీద కసురుకుంటూ, ఎట్టకేలకు మానుకున్నది. మానిన పిమ్మట ఆ సంగతినంతా సంఘం ఎదుట చెప్పింది. దాచిన సంవత్సరాలు, కొంగు, వాసన, దేనినీ విడిచిపెట్టలేదు. ఆ దినం వెనుక బల్లల మీద కూర్చున్న స్త్రీలలో ఇద్దరు ముగ్గురు తమ బుగ్గలలోనిది బయటకు వెళ్ళి ఉమ్మి వచ్చారు. దాచినంత కాలం తనను తిన్నది, చెప్పిన క్షణాన తనను వదిలిందని రత్నమణి విశ్వాసం. అటుపైన ఆమె జీవితంలో రహస్యమనేది మిగలలేదు.

ఆ సాక్ష్యం మాట ఆనోటా ఈనోటా జగ్గయ్యపేట దాటి నందిగామ చేరింది. పొగాకు, గుట్కా, గంజాయి మొదలైన వాటి వాడకాన్ని నివారించడానికి గ్రామస్థాయి కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థవారు ఆమెను కూడా రమ్మని పిలిచారు. బడి చదువు సగంలో ఆగినదానను, శిక్షణ అంటే ఏమి రాయవలసి వస్తుందోనని ఆమె మొదట వెనుకాడింది. పాస్టరుగారి భార్య రూబీ మాత్రం ఊరుకోలేదు.

"వెళ్ళు వదినా. దేవుడు తెరిచిన తలుపు. నువ్వు వంటకి రాకపోతే రెండ్రోజులు నేను వండి పెడతా. ఉప్పెక్కువైతే పిల్లలే చెప్తారు."

నందిగామలోని ఆ శిక్షణ రత్నమణికి జీవితంలో దొరికిన గొప్ప గౌరవాలలో ఒకటి. కుర్చీ, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, దానిమీద "గారు" అని రాసి ఉన్న తన పేరు. విజయవాడ నుండి వచ్చిన వాగ్దేవి అనే మానసిక నిపుణురాలు పాఠం చెప్పేది. భయపెట్టవద్దని, శాపనార్థాలు పెట్టవద్దని, అడిగిన తరువాత నోరు మూసుకుని వినాలని నేర్పేది. మధ్యాహ్నం జంటలుగా చేసి, ఒకరు బాధితుడిగానూ మరొకరు కార్యకర్తగానూ నటించమన్నది. రత్నమణికి జోడీగా జగ్గయ్యపేటకు చెందిన డేవిడ్‌రాజు అనే రిటైర్డు కండక్టరు వచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి గుట్కా తింటన్నావయ్యా?" అని ఆమె పాఠంలో చెప్పినట్టే మెత్తగా అడిగింది.

"పెళ్ళయిన కాడ్నుంచమ్మా."

"అంతకుముందు తినలేదా?"

"అంతకుముందు సంతోషంగానే ఉన్నా గదా, తినాల్సిన పనేంది?"

హాలంతా గొల్లుమన్నది. రత్నమణి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తరువాతి ప్రశ్న మరచిపోయింది. వాగ్దేవి సైతం నవ్వి, అనంతరం అన్నది: "చూశారా, ఆయన నవ్వించారు, మీరు ఆగిపోయారు. అలవాటున్న మనిషి ముందు నవ్విస్తాడండి. ఆ నవ్వు అయిపోయాక కూడా మీరు అక్కడే కూర్చోవాలి."

చివరగా ఆమె ఒక నియమం చెప్పి అందరిచేతా తిరిగి చెప్పించింది. మీ దగ్గరకు వచ్చిన మనిషి సంగతి భర్తకు చెప్పరాదు, భార్యకు చెప్పరాదు, సర్పంచికి గాని, యజమానికి గాని, ప్రాణస్నేహితురాలికి గాని చెప్పరాదు. రత్నమణి మనస్ఫూర్తిగా తల ఊపింది. తనకు భర్త లేడు, సర్పంచితో పని లేదు. ఆ వరుసలో దేవుని ప్రస్తావన లేదు.

శిక్షణ అయిన తరువాత పాస్టరుగారు ఆరాధనలో ఆమె సంగతి ప్రకటించారు. కొన్ని వారాలకు బెన్ని వచ్చాడు.

బెన్ని ముప్పై దాటిన లారీ డ్రైవరు. ఊరివాడైన బాలస్వామికి ఉన్న ఒకే ఒక సిమెంటు లారీ అతని చేతిలో ఉండేది. వరసకు రత్నమణికి మేనల్లుడు. పిల్లలు తిని వెళ్ళి, ఆమె డేగిసాలు కడుగుతున్న వేళకు వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, ఆ నందిగామలో నేర్పింది మగాళ్ళక్కూడా పనికొస్తదా?"

"పనికొస్తదిలే. నువ్వేం తినేది, మా ఉప్మానా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయింది. రత్నమణికి పాఠం గుర్తు వచ్చి, చేతులు తుడుచుకుని పీట లాక్కుని కూర్చున్నది. ఏమీ అడగలేదు. బెన్ని చాలాసేపు గడపను బొటనవేలితో రాస్తూ నిలబడి, తరువాత అక్కడే కూలబడ్డాడు. మెలకువ కోసం గుట్కాతో మొదలై, మాత్రల మీదుగా సాగి, పట్టని నిద్ర పట్టించుకోవడానికి గంజాయి దాకా వచ్చిన దారంతా చెప్పాడు.

"మొన్న చిల్లకల్లు దాటినాక రోడ్డు మీద మనిషి కనపడితే బ్రేకేసా అత్తా. దిగి చూస్తే ఎవడూ లేడు. బండి కింద కూడా చూసా. ఎవడూ లేడు. అప్పట్నుంచి స్టీరింగ్ పట్టుకోవాలంటే భయమేస్తంది."

"ఇంట్లో జెరూషాకి తెలుసా?"

"దానికి చెప్పమాక. అదొక్కతే నన్ను మంచోడనుకుంటంది. బాలస్వామి మాఁవకి తెలిస్తే తాళాలు లాక్కుంటాడు. బండి లేకపోతే నేనేం పనికొస్తా చెప్పు? ఎవరికీ తెలవకుండా అయితే వస్తా. లేదంటే లేదు."

"ఎవరికీ చెప్పను, అల్లుడూ," అని రత్నమణి మాట ఇచ్చింది. ఆ మాటలో కపటం లేదు.

శిక్షణలో వాగ్దేవి చెప్పిన విజయవాడ ఆసుపత్రికి మొదటిసారి తానే వెంటపెట్టుకుని వెళ్ళింది. ఊరికి తన కంటి పరీక్ష అని చెప్పింది. బెన్ని నడుంనొప్పి అని చెప్పాడు. డ్రైవర్లకు నడుంనొప్పి సహజం గనుక ఎవరూ మరొక మాట అడగలేదు. తరువాతి నెలలలో అతడు ఒక్కడే వెళ్ళి వస్తూ, వచ్చినప్పుడల్లా వంటగది గుమ్మంలో కాసేపు కూర్చునేవాడు. మొహంలో నెత్తురు కనిపించసాగింది. అన్నం అడిగి పెట్టించుకు తినేవాడు. ఒకనాడు అతని భార్య జెరూషా, నందిగామ దారిలోని ఒక ప్రైవేటు బడిలో టీచరు, దారిలో ఎదురై నవ్వుతూ అన్నది: "పిన్నీ, ఆ నడుం డాక్టరు ఎవరోగాని దణ్ణం పెట్టాలి. మనిషి ఇప్పుడు చక్కగా నిద్రపోతున్నాడు." రత్నమణి ఆ పూట ఇంటికి వెళ్ళి ఒంటరిగా కూర్చుని సంతోషంతో ఏడ్చింది. ఒక మనిషిని ఒడ్డుకు చేరుస్తున్నానన్న తృప్తి ఆమెకు అంతకు మునుపు ఎన్నడూ కలగలేదు.

మిరప కోతలు ముగిసే రోజులలో బాలస్వామి నాగపూరు వైపు దూరపు కిరాయి ఒప్పుకున్నాడు. ఆ గురువారం బెన్ని వంటగదికి వచ్చినప్పుడు చొక్కా చెమటకు తడిసి ఉన్నది.

"ఇన్నాళ్ళూ దగ్గర ట్రిప్పులు గనక నెట్టుకొచ్చా. ఆ రోడ్డు మీద ప్రతి ధాబాలో దొరుకుద్దత్తా. పొద్దున మన చెక్‌పోస్టు కాడే కొనబోయి చెయ్యి ఎనక్కి తీసుకున్నా. సోమవారం ఎక్కితే నిలబడలేనేమో."

రత్నమణి వాగ్దేవికి ఫోను చేసింది. ఆమె ఎక్కడో తరగతిలో ఉన్నట్టున్నది, ఫోను ఆపివేసి ఉన్నది. మరునాడు శుక్రవారం, రూబీ గారి ఇంట స్త్రీల ఉపవాస ప్రార్థన. రత్నమణి రాత్రంతా నిద్ర లేక, ఖాళీ కడుపుతో, మనసు నిండా భయంతో అక్కడికి వెళ్ళి చాప మీద కూర్చున్నది.

ఆ కూటంలో ఒక ఆచారం ఉన్నది. పాటలు అయిన తరువాత పాస్టరమ్మ మనవులు అడుగుతుంది. ఎవరికి ఏ కష్టం ఉంటే వారు లేచి, ఎవరి కోసం ప్రార్థించాలో పేరుతో సహా చెప్పాలి. పేరు లేని ప్రార్థన విలాసం లేని ఉత్తరంలా ఎక్కడికీ చేరదని అక్కడివారి భావన. ఆ దినం ఒకామె కుమార్తె పరీక్షలు చెప్పింది. మరొకామె ఈనలేకపోతున్న గేదె సంగతి చెప్పింది. గేదెకు పేరు లేదు గనుక ఇంటిపేరు జోడించమని ఎవరో అంటే అందరూ కాస్త నవ్వారు. అటుపైన రూబీ అడిగింది, "ఇంకెవరైనా?"

రత్నమణి లేచి నిలబడింది. తాను నియమం తప్పుతున్నానని ఆమెకు తోచలేదు. మనుష్యులకు చెప్పనన్నది, చెప్పలేదు. ఇది దేవునికి చెప్పుకోవడం.

"మన బెన్ని కోసం. మత్తుకి అలవాటు పడి, మందులు వాడి, మానుకుంటున్నాడు. సోమవారం దూరం పోతన్నాడు. నిలబెట్టమని అడుగుదాం," అన్నది. అని ఏడ్చింది.

స్త్రీలందరూ మోకాళ్ళూనారు. బెన్ని పేరు పెట్టి, కన్నబిడ్డ కోసం అడిగినట్టు గుండెలు బాదుకుని ప్రార్థించారు. అందరికంటే ఎక్కువగా ఏడ్చినది బాలస్వామి భార్య మెర్లిన్. ఆ ఇంట ఆ వేళ ఎవరి మనసులోనూ చెడు లేదు. రత్నమణి బరువు దిగిన మనసుతో ఇంటికి వెళ్ళి గంజి తాగి పడుకున్నది.

శనివారం ఉదయం బెన్ని టీ కొట్టు దగ్గరకు వెళ్ళగా ఒక వృద్ధుడు అతని తల మీద చెయ్యి వేసి, "వదిలేస్తావు బాబూ, భయపడమాక," అన్నాడు. పాల కేంద్రం దగ్గర ఒక పెద్దామె చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నది. ఒక పడుచువాడు పక్కకు పిలిచి, తన బావమరిది కూడా మానేశాడని ధైర్యం చెప్పాడు. బెన్ని సగం తాగిన టీ బల్ల మీద పెట్టి, తిన్నగా రత్నమణి ఇంటికి వచ్చాడు. లోపలకు రాలేదు.

"నడుంనొప్పి ఎట్టా ఉందని ఒక్కళ్ళూ అడగలా అత్తా," అన్నాడు.

అప్పటికి గాని ఆమెకు తాను చేసినది కళ్ళ ముందు నిలవలేదు.

"దేవునికే చెప్పా అల్లుడూ. ప్రార్థనలో చెప్పా. భయమేసి చెప్పా."

"తెలుసు. నువ్వు మంచిదానివని తెలిసే నీ దగ్గరికొచ్చా." అతడు గొంతు పెంచలేదు. "ఎవడన్నా తిడితే తిరిగి తిట్టుండేవాణ్ణి. అందరూ జాలిపడుతున్నారు. జాలిపడేవాణ్ణి ఏమని తిట్టను?"

ఆ మధ్యాహ్నమే బాలస్వామి తాళాలు అడిగి తీసుకున్నాడు. ఆయనదీ కఠిన హృదయం కాదు. "కుదుటపడి రారా, బండి ఎక్కడికీ పోదు. రోడ్డు మీద జనం ప్రాణాలు నేను మెడకేసుకోలేను," అన్నాడు. అది కాదనగలిగిన మాట కాదు. జెరూషాకు తెలిసినది పంపు దగ్గర. ఆమె భర్తను ఒక్కటే అడిగింది: "పిన్నికి చెప్పావు. నాకెందుకు చెప్పలా?" అతడు ఇంట్లో పది పన్నెండు దినాలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆసుపత్రికి వెళ్ళవలసిన బుధవారం వెళ్ళలేదు. సంఘం పెద్దలు పలకరించడానికి వస్తే దొడ్డిదారిన పోయేవాడు. ఒకనాడు తెల్లవారుతూనే, ఎవరిదో హర్యానా లారీ ఎక్కి ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఫోను పలకలేదు.

రత్నమణి వాగ్దేవికి జరిగినదంతా చెప్పుకున్నది. వాగ్దేవి, "ప్రార్థనలో కూడా వద్దని నేను ముందే చెప్పాల్సిందండి. మీ కూటాల గురించి నాకు తెలియదు. అడగనూ లేదు," అన్నది. ఆ మాట రత్నమణికి ఊరట ఇవ్వలేదు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

వర్షాకాలంలో సదరు సంస్థవారు నందిగామలో రెండవ విడత శిక్షణ పెట్టి, మొదటి విడతవారిని కూడా రమ్మన్నారు. రత్నమణి రానన్నది. వాగ్దేవి వదలలేదు. వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నది. డేవిడ్‌రాజు దూరం నుండే చెయ్యి ఊపి, "ఏమ్మా, నా గుట్కా మానిపించకుండా మధ్యలో వదిలేసి పోయావు!" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది. ఈసారి నియమం చెప్పే వేళ వాగ్దేవి ప్రార్థనా కూటం మాట కూడా కలిపి చెప్పింది. కొత్తవారందరూ ఒకనాడు తాను ఊపినట్టే సులువుగా తలలు ఊపారు. లేచి, ఇది సులువు కాదని, మంచి మనసుతోనే మనిషి చేజారిపోతాడని చెప్పాలని ఆమెకు అనిపించింది. తన సంగతి ఏదైనా పదిమందిలో చెప్పగలిగిన మనిషి ఆమె. కాని ఈ సంగతి తనది కాదు. ఎలా చెప్పినా అందులో బెన్ని ఉంటాడు. ఆ హాలులో గరికపాడు వైపువారు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఆమె లేవలేదు.

సాయంకాలం బస్సు దిగి చెక్‌పోస్టు మీదుగా నడుస్తూండగా, ధాబా పక్కన నిలిపిన లారీల వరుసలో ఒక దాని క్యాబిన్‌లో బెన్ని కనిపించాడు. చెంపలు లోపలికి పోయి, పెదవుల చివరలు ఎర్రగా పగిలి ఉన్నాయి. ఆమె కింద నిలబడి పేరు పెట్టి పిలవబోయి, ఆపుకుని, తలుపు తట్టింది. అతడు కిందికి చూశాడు. కోపం లేదు. కోప్పడేంత శక్తి కూడా ఆ కళ్ళలో లేదు.

"బాగున్నావా అత్తా?"

"నువ్వు దిగు. ఆసుపత్రి అక్కడే ఉంది. ఎవరూ రారు, నేను కూడా రాను. నువ్వొక్కడివే పో."

"వస్తాలే," అన్నాడు. రాదలచుకోని మనిషి అనే మాట అది. అవతలివైపు ఎవరో హిందీలో కేక వేయగా తాళం తిప్పాడు. తిప్పి, కిటికీలోంచి వంగాడు. "నన్ను చూసానని జెరూషాకి చెప్పమాక. చెబితే వచ్చి ఇక్కడ నిలబడుద్ది. నన్నిట్టా చూస్తది. అదొక్కటీ తట్టుకోలేను. ఈసారన్నా చెప్పమాక."

"చెప్పను," అన్నది రత్నమణి. లారీ రాష్ట్రం దాటిపోయింది.

ఆ తరువాత ఆమె బలం సగమైపోయింది. పాఠశాలలో వండుతూనే ఉన్నది. కూటానికి వెళ్తూనే ఉన్నది. మనవులు అడిగినప్పుడు మాత్రం తల వంచుకుని కూర్చునేది. విశ్వాసం సన్నగిల్లిందేమోనని కొందరు, వయసు మీద పడిందని కొందరు అనుకున్నారు. అతడు మళ్ళీ ఆ దారిన వస్తాడేమోనని సాయంకాలం వేళ చెక్‌పోస్టు దాకా నడిచి వచ్చేది. కనిపించలేదు.

ఒక ఆదివారం ఆరాధన విడిచిన తరువాత జెరూషా ఆమె ఇంటికి వచ్చింది. నెలల తరబడి ఆ గడప తొక్కనిది, వచ్చి మంచం అంచున కూర్చున్నది. మనిషి చిక్కిపోయింది.

"పిన్నీ, ధాబా కాడ ఎవరో చూశారంటన్నారు ఆయన్ని. ఎవరో సరిగ్గా చెప్పట్లా. ఉన్నాడో లేడో తెలిస్తే చాలు. నువ్వు అటువైపు నడుస్తుంటావు గదా, నీకేమైనా..."

రత్నమణి నోటి దాకా మాట వచ్చింది. ఉన్నాడమ్మా, బతికే ఉన్నాడు అన్న ఒక్క మాటతో ఆ పిల్ల ఒక రాత్రి నిద్రపోతుంది. తెల్లవారగానే చెక్‌పోస్టు దగ్గరకు వెళ్ళి నిలబడుతుంది. అతడు చూస్తాడు, లేదా చూసి ఇక ఎన్నడూ ఆ దారిన రాడు. ఏది ధర్మమో ఆమెకు తెలియలేదు. నందిగామలో నేర్పిన నియమం ఒకవైపు, ఎదురుగా కూర్చున్న కన్నీరు ఒకవైపు. ఆమె మంచంకోడు గట్టిగా పట్టుకుని మౌనంగా ఉండిపోయింది.

జెరూషా కొంతసేపు ఆమె మొహంలోకి చూసి, కళ్ళు తుడుచుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"పోనీలే పిన్నీ. నీకు తెలిసుంటే చెప్పకుండా ఉండవుగా. నీ కడుపులో మాట ఎప్పుడు ఆగింది గనక."

ఆ మాట ఎత్తిపొడుపుగా అన్నదో, నమ్మి అన్నదో రత్నమణి తేల్చుకోలేకపోయింది. గేటు దాకా సాగనంపి, ఆ పిల్ల మలుపు తిరిగి కనుమరుగయ్యే వరకు నిలబడి, పిలవకుండా లోపలకు వచ్చింది.